చుక్క కోసం చాచిన చెయ్యి

కరెంటు పోయింది. పోతే పోయింది, వైశాఖంలో గాలి లేచిందంటే మా వైపు ఏ సిల్వర్ ఓక్ కొమ్మో తీగల మీద పడటం, కరెంటు పోవటం కొత్తేమీ కాదు. కానీ పాలగెడ్డ గుహలో కరెంటు పోవటం ఇంట్లో పోయినట్టు కాదు. ఇంట్లో చీకటికి కిటికీ ఉంటుంది, పొయ్యిలో నిప్పు ఉంటుంది, ఎదురింటివాళ్ళ మాటలు ఉంటాయి. ఇక్కడ పట్టపగలు రెండు గంటలప్పుడు కూడా కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. ముప్ఫై మంది చూడటానికి వచ్చినవాళ్ళని చేతులు పట్టించి వరసగా పైకి తోలేసి మళ్ళీ కిందికి దిగి వచ్చాను, ఒకావిడ కదలనంది కాబట్టి. బొబ్బిలి నుంచి వచ్చిన జయశ్రీ. ఏడో నెల. గుహ చిట్టచివర, బాలింతమ్మ రాయి ముందు, ఇనుప కటకటాల పక్కన నేల మీద కూర్చుని కుడిచెయ్యి ముందుకి చాచి ఉంది, పైకప్పు నుంచి అరచేతిలో నీటి చుక్క పడాలని. చుక్క పడదు. పడదని తెలిసినవాణ్ణి ఇక్కడ నేనొక్కణ్ణే.

ఆమె భర్త లక్ష్మీప్రసాద్, ఎరువుల కొట్టు ఆయన, మంచివాడే. ఇప్పటిదాకా బతిమాలాడు, కసిరాడు, చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నిన్న విజయనగరంలో డాక్టరమ్మ చూసి, బీపీ బాగా పెరిగింది, బిడ్డ ఎదగటం లేదు, ఒక్క రోజు కూడా ఆగొద్దు, విశాఖలో పెద్దాసుపత్రిలో చేర్చండి అని చీటీ రాసిచ్చిందట. ఒక్కసారి బాలింతమ్మ తల్లిని చూసి వెళ్దామని ఈమె అంటే, చుట్టు దారైనా సరేనని అరకు మీదుగా కారు తిప్పాడు పాపం. ఇక్కడికొచ్చాక ఈమె మాట మార్చింది. చుక్క పడితే తల్లి అభయం ఇచ్చినట్టే, ఆసుపత్రితో పని లేదు, ఇంటికి వెళ్ళిపోతుంది. పడకపోతే పడేదాకా ఇక్కడి నుంచి లేవదు. ఇంతకు ముందు నాలుగుసార్లు ఆసుపత్రికి వెళ్ళి నాలుగుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చిన మనిషి. తప్పు పట్టలేను. "నువ్వయినా చెప్పు బాబూ, నీ మాటయితే వింటుంది" అని నా భుజం మీద చెయ్యేసి, సిగ్నల్ దొరికే చోటు నుంచి డాక్టరమ్మకి ఫోన్ చెయ్యటానికి ఆయన పైకి వెళ్ళాడు. జనరేటర్‌లో డీజిల్ లేదని మా టికెట్ల రవిబాబు మోటార్ సైకిలు వేసుకుని డుంబ్రిగుడ వెళ్ళాడు. గంట పడుతుంది. ఈ గంటా నేనూ, ఆమే, ఈ చీకటీ.

"అన్నయ్యా, టార్చి ఆర్పెయ్యి. తల్లి సీకట్లోనే పలుకుతాదట కదా" అంది.

ఆర్పేశాను. ఆ మాట ఎవరు చెప్పారు ఆమెకి? నేనే. రెండేళ్ళ కిందట ఆమె ఈ కటకటాలకి చీర అంచు చింపి ఉయ్యాల కట్టినప్పుడు నేనే చెప్పాను. చెయ్యి చాచమన్నదీ నేనే. చుక్క పడితే తల్లి పలికినట్టు అన్నదీ నేనే. అసలు ఈ తల్లినే... ఆగు గాసీ, ఆగు, అని నన్ను నేనే ఆపుకున్నాను. ఒక్కొక్కటీ. చీకట్లో మనసు పరిగెడితే రాయికి తగులుకుని పడుతుంది.

ఇరవై రెండేళ్ళు ఈ గుహలో జనాన్ని తిప్పుతున్నాను. బొర్రా అంత పెద్దది కాదు మాది, అంత పేరూ లేదు, అక్కడ చూసి ఇంకా కాళ్ళు నొప్పి పుట్టనివాళ్ళు ఇటు వస్తారు. శ్రద్ధగా వీక్షించండి, ఎడమవైపు అనంతశయనం, పాలకడలిలో శేషతల్పంపై యోగనిద్రలో శ్రీమహావిష్ణువు, ఆయన పాదాల చెంత లక్ష్మీదేవి. పైకి చూడండి, శివుని జటాజూటం, గంగావతరణం. కింద కూర్మావతారం, వీపు మీద మందరగిరి. తలలు వంచండి, తలలు వంచండి, రాయి తగిలితే నాకు సంబంధం లేదు. ఈ చదివింపంతా ఆశ్రమ పాఠశాలలో డ్రిల్లు చెప్పిన రామారావు మాస్టారు రాసిచ్చారు. మొదట్లో సగం మాటలకి నాకు అర్థం తెలియదు. వీక్షించండి అంటే ఏదో తినమనటం అనుకునేవాణ్ణి. మాస్టారు నవ్వి నవ్వి పొలమారి, తర్వాత రోజూ సాయంత్రం కూర్చోబెట్టి ఒక్కొక్క కథా చెప్పారు. పాము అంటే కాలంరా, పాలసముద్రం అంటే ఇంకా ఏదీ కాకముందు ఉన్నది, అన్నీ అందులోంచి తోడుకోవాలి, అని. శేషుడు అంటే మిగిలినవాడు, లోకాలన్నీ కరిగిపోయాక కూడా ఏదో కొంచెం మిగులుతుంది, దేవుడు దాని మీదే పడుకుంటాడు, అని. నాకు మిగిలినది అంటే గంజి అడుగున మిగిలిన మెతుకులే గుర్తొచ్చేవి. అదే చెబితే, "అదేరా, దాంతోనే మళ్ళీ పొద్దున మొదలవుతుంది" అన్నారు. మంచి మనిషి.

టార్చి పట్టటం కూడా ఆయనే నేర్పారు. ఎదురుగా పట్టకు, ఎదురుగా పడితే రాయి రాయిలాగే ఉంటుంది. పక్క నుంచి పట్టు, కింద నుంచి పట్టు, నీడ సాగాలి, నీడలో ముక్కు వస్తుంది, చెయ్యి వస్తుంది, ఆయుధం వస్తుంది. అర అడుగు జరిగితే దేవుడు మాయం. అందుకే కొత్తగా వచ్చినవాళ్ళు ఫోన్ లైట్లు వేసి నా దేవుళ్ళని చెరిపేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఫోన్లు దించండమ్మా, దించండి బాబూ. అయితే ఇదంతా మనం చేసిందేనా మాస్టారూ, మనం చూస్తేనే దేవుడా, అని ఓసారి అడిగాను. ఆకారం మనకోసంరా, ఆయనకి అవసరం లేదు, అన్నారు. అది మాత్రం నాకు వెంటనే ఎక్కింది. మా ఊరి పైన చెట్ల కింద జాకరమ్మ రాయికి కళ్ళు లేవు, ముక్కు లేదు, పసుపు కూడా వానకి కడుక్కుపోతుంది. అయినా మా అమ్మ ఆ రాయి దగ్గర గొంతు తగ్గించి మాట్లాడేది. పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు.

నిద్ర. ఈ చీకట్లో కూర్చుంటే అదే తలపుకొస్తుంది, ఆ పడుకున్నాయన. మనమంతా ఆయన కలట. ఈ కొండ, కాఫీ తోటలు, అరకు నుంచి కూత వేసుకుంటూ దిగే రైలు, బొబ్బిలి కారు, నా చేతిలో ఆరిపోయిన టార్చి, అన్నీ. ఆయన అటు నుంచి ఇటు తిరిగి పడుకుంటే ఎన్ని ఊళ్ళు కదులుతాయో. బ్రహ్మకి ఒక పగలు అంటే మనకి వెయ్యి మహాయుగాలని చదివింపులో ఒక ముక్క ఉంది. చెబుతుంటే పిల్లలు ఆవులిస్తారు. నాకు మాత్రం ఈ గుహలో చుక్క చుక్కకీ మధ్య చెవి పెట్టి కూర్చున్నప్పుడు అది అబద్ధం అనిపించదు. వందేళ్ళకి గోరు మందం పెరుగుతుంది రాయి. అయినా చుక్కకి తొందర లేదు. పైన కొండ మీద పడిన వాన కొర్ర చేలల్లో ఇంకి, వేళ్ళు పట్టుకుని, సున్నపు రాయిలో పగుళ్ళు వెతుక్కుని ఇక్కడికి దిగటానికి నలభై రోజులు పడుతుంది. నేను లెక్కపెట్టాను. జ్యేష్ఠంలో కురిసింది ఆషాఢంలో ఇక్కడ రాలుతుంది. చైత్రం దాటితే బాలింతమ్మ పైకప్పు ఎండిపోతుంది. చైత్రంలో మా ఇటుకల పండగకి మావాళ్ళు వేటకి వెళ్ళొచ్చిన నాడే చివరి చుక్క పడింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి, తల్లి ఇప్పుడు నిద్రలో ఉంది, వానాకాలం రండి, అని నవ్వుతూ చెబుతుంటాను. ఈమెకీ అదే చెప్పబోయాను. "నన్ను సూస్తే లెగుస్తాది" అంది.

"పడలేదేటి ఇంకా?" అంటోంది. నన్ను కాదు. ఎదురుగా ఉన్నదాన్ని.

ఊపిరి వినిపిస్తోంది, బరువుగా, కొంచెం ఈలగా. ఇందాక వెలుతురులో చూశాను ఆమె పాదాలు, నీళ్ళు పట్టి చెప్పు బెల్టు లోపలికి దిగబడిపోయింది. మొహం కూడా ఉబ్బింది. తలనొప్పా అమ్మా అంటే, కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయి అంది. తల్లే చూపిస్తోందట. ఓర్నాయనో.

పదకొండేళ్ళ కిందట శ్రావణమాసం. ఒక బ్యాచిలో ఓ పెద్దాయన, గుహ చివరికంటా వచ్చి, ఎవరూ చూడని ఈ మూలకి వేలు పెట్టి, అదేమిటోయ్ అన్నాడు. అదేమీ కాదు. చదివింపులో లేదు. చెప్పులో రాయి దూరితే తీసుకుందామని అప్పుడే కటకటాల మూడో కమ్మి దగ్గర గొంతుకూర్చున్నాను, టార్చి మోకాలి ఎత్తున ఉంది, వెలుగు అడ్డంగా వెళ్ళింది. తల వంచుకుని కూర్చున్న ఆడమనిషి. మెడ మీదికి జారిన ముడి. ఒళ్ళో గుడ్డ. ఒళ్ళో గుడ్డే గానీ గుడ్డలో ఏమీ లేదు. బాలింతమ్మ తల్లి అండి, అనేశాను. నోరు జారటం అంటారే, అది కాదు. ఎవరో లోపలి నుంచి తోసినట్టు వచ్చేసింది మాట. ఆమె కథేమిటోయ్ అన్నాడు. దానికీ ఆగలేదు నా నోరు.

మాస్టారు చెప్పిన వాటన్నిటిలోనూ నాకు మింగుడు పడనిది ఒకటుంది. ప్రళయం వచ్చాక ఎటు చూసినా నీళ్ళు. ఆ నీళ్ళ మీద ఒక మర్రి ఆకు, ఆకు మీద పసివాడు, కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని. మార్కండేయుడు ఈదలేక ఈదలేక దగ్గరికి వస్తే, పసివాడు ఊపిరి పీలుస్తాడు, ముని ఆ ఊపిరితో నోట్లోకి వెళ్ళిపోతాడు. లోపల చూస్తే ఏముంది, మునిగిపోయిన లోకమంతా ఉంది. నదులు, కొండలు, సంతలు, తన ఆశ్రమం, ఆశ్రమం ముందు తను ఆరేసిన బట్టలు. ఏదీ పోలేదు. అంతా ఆ బిడ్డ కడుపులో భద్రంగా ఉంది. వింటుంటే నాకు ఒళ్ళు జలదరించింది గానీ, "తల్లెవరు మాస్టారూ" అని అడిగాను. ఆయన వెర్రివాణ్ణి చూసినట్టు చూసి, తల్లి ఉంటే అది ప్రళయం ఎలా అవుతుందిరా అన్నారు. ఆయనే అన్నిటికీ తల్లి, ఆయనకి తల్లి ఎవరు? సరేనన్నాను. లోపల మాత్రం సరే అనుకోలేదు. పసివాడు నీళ్ళ మీద ఒక్కడే వెళ్తుంటే ఎవరో ఒకరు ఎక్కడో ఒక గట్టున కూర్చుని ఉండాలి కదా. ఆ పెద్దాయనకి అదే చెప్పాను. ప్రళయంలో బిడ్డ కొట్టుకుపోతే తల్లి ఈ గుహలో కూర్చుండిపోయిందండి, ఒళ్ళో గుడ్డ పరుచుకుని, ఈ గెడ్డ నీళ్ళ వెంట ఆకు ఎప్పుడు వస్తుందా అని చూస్తోంది, పైనుంచి పడే ఈ చుక్కలు ఆమె పాలు, రాలి రాలి గెడ్డంతా తెల్లబడి పాలగెడ్డ అయింది. పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. వారం తిరక్కుండా ఎవరో కుంకం పెట్టారు. ఏడాదికి మొదటి ఉయ్యాల కట్టారు. ఇప్పుడు కటకటాల నిండా ఉయ్యాలలే, కమ్మి కనపడదు.

నేను ఆపొచ్చు. ఆపలేదు. పొట్టకూటి కోసం ఆపలేదని మా రవిబాబు అనుకుంటాడు, అనుకోనీ. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ కూర్చున్నది నా భార్య సోములమ్మ.

దానికి ముందు ఏడాది. నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి, సాయంత్రం. రోడ్డు ఏడు కిలోమీటర్లు, మధ్యలో గెడ్డ. డోలీ కట్టటానికి మనుషులున్నారు, కర్ర ఉంది, దుప్పటి ఉంది. ముహూర్తాలు పెట్టే మా దిసారి పంచాంగం కూడా చూడకుండా వెంటనే బయల్దేరండి అన్నాడు. ఇక్కడ తప్పు దిసారిది కాదు, మా అమ్మది కాదు, మా ఊరిది కాదు. నాది. ఏడో తరగతి చదివినవాణ్ణి, గుహలో రోజూ దేవుళ్ళని చూపించేవాణ్ణి, నాకు భయం పుట్టింది. దారిలో ఏమన్నా అయితే? జాకరమ్మ దగ్గరికి పరిగెత్తి రాయి మీద తడిపిన పువ్వు అంటించి, తల్లీ, పువ్వు రాలితే బయల్దేరతాను అన్నాను. కూర్చున్నాను. పువ్వు రాలలేదు. గాలి కూడా లేదు ఆ వేళ, ఆకు కదల్లేదు. ఇంకాసేపు, ఇంకాసేపు అని కూర్చున్నాను. మనుషులు వచ్చి పిలిచారు, ఆగండన్నాను. పువ్వు వాడి దానంతటది కింద పడేసరికి కోడి కూసింది. డోలీ గెడ్డ దాటుతుండగా బిడ్డ పుట్టింది. ఏడవలేదు. ఆడపిల్ల. పేరు పెట్టని బిడ్డని మావాళ్ళు పేరు లేకుండానే మట్టిలో పెడతారు. సోములమ్మ ఇంటి గడపలో మూడు రోజులు కూర్చుంది, తల వంచుకుని, ఒళ్ళో ఆ గుడ్డ పరుచుకుని. నన్ను తిట్టలేదు, ఏడవలేదు. మూడో రోజు మాత్రం, నా వైపు చూడకుండా, ఒక్క మాట అంది.

"అప్పుడే లెగిసి ఎలిపోయుంటే గుంట బతికీది."

అంతే. ఆ తర్వాత వండింది, కలుపు తీసింది, కాఫీ పండు కోసింది, నాతో నవ్వింది కూడా. మళ్ళీ బిడ్డలు కలగలేదు. ఈ గుహలోకి ఏనాడూ రాలేదు. బాలింతమ్మ సంగతి విన్నది. "ఏ తల్లో పాపం" అంది ఓసారి, ముంత కడుగుతూ. నేను తల తిప్పుకున్నాను. ఎన్ని వేల మంది చూశారు ఆమెని, ఎన్ని వేలసార్లు టార్చి వేసి చూపించాను, ఇదిగో వీక్షించండి, అని. ఇంట్లో ఆమె లేచి తిరుగుతోంది. ఇక్కడ నేనే లేవనివ్వలేదు. రోజూ పదిసార్లు కూర్చోబెట్టాను. తప్పు చేసినవాడు తప్పు చుట్టూ గుడి కట్టుకున్నట్టుంది నా పని.

"అన్నయ్యా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"కడుపులో తిరగట్లేదు. పొద్దున్నుంచీ. పడుకుందంటావా?"

సంచిలో నీళ్ళ సీసా ఉంది. చేతికి అదే తగిలింది. మూత తిప్పాను. ఒక్క చుక్క. ఈ చీకట్లో ఎవరికి తెలుస్తుంది, ఆ అరచేతికి జానెడు పైన సీసా వంచితే చాలు, చుక్క పడుతుంది, ఆమె మొహం విప్పారుతుంది, లేచి వస్తుంది, నా గండం గట్టెక్కుతుంది. చెయ్యి సగం దాకా వెళ్ళింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమె పెట్టుకున్న షరతు. చుక్క పడితే ఇంటికి. బొబ్బిలికి. ఆసుపత్రికి కాదు. నా సీసాలో చుక్క ఆమెని తిన్నగా తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెడుతుంది, నిశ్చింతగా. నాలుక కరుచుకుని మూత బిగించాను. చప్పుడైంది.

నిజం చెప్పేద్దాం. చెప్పేస్తే పోయింది, రేపటి నుంచి ఈ మూలకి ఎవరూ రాకపోతే రాకపోయారు.

"అమ్మా, ఒక మాట. ఈ తల్లి పురాణంలో లేదు. నేనే పుట్టించాను. నా నోటికొచ్చింది చెప్పాను. ఆ చుక్క, ఆ చెయ్యి చాచటం, అన్నీ నేను కల్పించినవే."

చిన్నగా నవ్వింది చీకట్లో. "నాకాడ దాస్తావేటి అన్నయ్యా. నీ సేత ఆ తల్లే సెప్పించింది. లేకపోతే నీకెలా తెలుస్తాది, ఒళ్ళో గుడ్డ కాళీగా ఉంటే ఎలా ఉంటాదో?"

నాకు తెలుసని అనాలా? ఆమె ఆ రాతిలో చూస్తున్నది కూడా తన్నే. నాలుగుసార్లు. ఆ ఖాళీ గుడ్డ ఆమెదీ. మాస్టారు చెప్పిన ఆకారం మనకోసం అన్న మాట అప్పుడు పూర్తిగా అర్థమైంది నాకు, ఇరవై రెండేళ్ళకి. దేవతని నేను పుట్టించలేదు, బొబ్బిలిలో ఆమె కూడా నాలాగే ఎదురుచూస్తూ కూర్చుంది, మా ఇద్దరి కూర్చోవటమూ కలిసి ఈ రాయి మీద తల్లయి కూర్చుంది. మేం లేవనంత కాలం ఆ తల్లి లేవదు. ఆమె లేవనంత కాలం ఈ ఆడకూతురు లేవదు. మరి అలాంటప్పుడు లేపాల్సింది ఎవరు? టార్చి ఎవరి చేతిలో ఉంది?

మూడో కమ్మి దగ్గర గొంతుకూర్చున్నాను. మోకాలి ఎత్తున టార్చి పెట్టి వెలిగించాను. వచ్చింది. వంచిన తల, జారిన ముడి, ఒడి. పదకొండేళ్ళలో ఎప్పుడూ అంత స్పష్టంగా రాలేదు. జయశ్రీ చేతులు జోడించబోయి, చాచిన చెయ్యి వదల్లేక, ఒక్క చేత్తోనే దణ్ణం పెట్టింది. నేను సోములమ్మని చూసుకున్నాను. కడసారి అని నాకు తెలుసు. తర్వాత లేచి నిలబడ్డాను. ఉయ్యాలల పక్కనుంచి కుడివైపుకి నడిచాను, ఒక్కొక్క అడుగే, వెలుగు రాయి మీంచి తీయకుండా. నీడ కదిలింది. ముడి పోయింది. తల భుజంలో కలిసింది, భుజం గోడలో కలిసింది, ఒళ్ళో గుడ్డ మడతలు విడిపోయి సున్నపు చారలయ్యాయి. చివరి కమ్మి దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. నున్నగా అరిగిన చిన్న గుంట మాత్రం ఉంది, చాలాకాలం ఎవరో కూర్చుని లేచిపోయిన చోటులాగా.

"ఏదన్నయ్యా?" అంది. గొంతు మారిపోయింది. "ఏదీ తల్లి?"

చదివింపు భాష ఒక్క ముక్క నోటికి రాలేదు. మా ఇంటి మాటే వచ్చింది. "ఎలిపోనాదమ్మా. సూసేవు కదా, నీ కళ్ళెదుటే లెగిసింది. ఆకు ఇక్కడికి రాదని తెలుసుకుంది. కూకుంటే రాదు. తల్లే ఎదురెల్లిపోనాది."

"ఎక్కడికి?"

"కిందికి. పెద్దాసుపత్రికే. నీకన్నా ముందుగా ఎలిపోనాది. నువ్విక్కడ కూకుని ఎవులికి సెయ్యి సాపుతావు తల్లీ? లెగు."

ఆమె ఆ గుంటకేసి చూస్తూనే ఉంది. టార్చి కదిలి వెలుగు ఊగింది, గుంట నిండి ఖాళీ అయినట్టు కనిపించింది. చాలాసేపటికి, చాచిన చేతిని వెనక్కి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది, గట్టిగా, చంటిపిల్లలా. ఏడుస్తూనే రెండో చెయ్యి నా వైపు చాపింది, లేపమని.

నడవనివ్వలేదు నేను. ఒక్క కేకకి పైనుంచి లక్ష్మీప్రసాద్, కారు డ్రైవరూ, అప్పుడే వచ్చిన రవిబాబూ దిగారు. టికెట్ల గదిలో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కూర్చోబెట్టి నలుగురం నాలుగు కాళ్ళు పట్టాం. డెబ్భై మెట్లు. నా వంతు వెనక ఎడమ కాలు, బరువంతా అటే. రవిబాబు కాసేపు దించుదామన్నాడు. దించొద్దు అని అరిచాను, అంత గొంతు నాకుందని నాకే తెలియదు. మధ్యలో ఎక్కడో, నలభయ్యో మెట్టు మీదో, ఆమె "అన్నయ్యా, తిరిగింది, కడుపులో తిరిగింది" అంది. ఇంకా బేగి ఎక్కాం. బయట ఎండ మొహం మీద పడి కళ్ళు మూసుకుపోయాయి. కారు మలుపు తిరిగి కాఫీ తోటల వెనక్కి వెళ్ళేదాకా చూశాను. లక్ష్మీప్రసాద్ కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు, తెలిసేదాకా నిద్ర పట్టదు. భుజం లాగేస్తోంది. ఈ నొప్పి నాకు పన్నెండేళ్ళ కిందట రావలసింది.

కరెంటు వచ్చింది. కింద అనంతశయనం దగ్గర ఆకుపచ్చ లైటు, జటాజూటం దగ్గర నీలం లైటు. కొత్త బ్యాచి, పాతిక మంది, శ్రద్ధగా వీక్షించండి, తలలు వంచండి. పడుకున్నాయన పడుకునే ఉన్నాడు, ఆయనకి తెలుసో లేదో ఇందాక ఆయన కలలో ఒకామె అటు నుంచి ఇటు తిరిగిందని. అందరూ గుహ చివరికి వచ్చారు. ఒకమ్మాయి ఉయ్యాలల్ని ముట్టుకుని చూస్తూ, ఇక్కడేముందండీ అని అడిగింది. అలవాటు కొద్దీ మూడో కమ్మి వైపు కాలు వెళ్ళింది. మోకాళ్ళు వంగాయి కూడా. ఆ వంగిన మోకాళ్ళతో అలాగే కాసేపు ఆగి, లేచాను. ఇంటికెళ్ళి సోములమ్మకి చెప్పాలి ఇవాళ. అన్నీ చెప్పాలి. టార్చి కుడివైపు నుంచి వేశాను.

"ఇక్కడో తల్లి కూకునీదండి" అన్నాను. "ఇయాలే లెగిసి ఎలిపోనాది."